మొదటి ఓడ మన రేవు నుంచే

చెక్కతో ఓ ఓడ కట్టాలని ఎప్పుడైనా అనిపించిందా? నిజం ఓడ కాదు, చదువుకునే బల్ల మీద పట్టేంత చిన్నది. ఫోన్లో వీడియోలు చూసే అలవాటుంటే ఈ లోకం మీకు తెలిసే ఉంటుంది. మూడు తెరచాప కొయ్యలు, వందల కొద్దీ తాళ్లు, రెండు పక్కలా ఫిరంగులు... చూస్తున్నంతసేపూ 'మనమూ ఒకటి చేద్దాం' అనిపిస్తుంది. వెంటనే కిట్ ధర వెతుకుతారు. విదేశీ కిట్ అయితే వేలల్లో ఉంటుంది. ఉత్సాహం కాస్తా అక్కడే చల్లారిపోతుంది.

చల్లారనివ్వకండి. మీది రాజమహేంద్రవరమో, నరసాపురమో, యానాం పక్కన ఏ పల్లెటూరో అయితే మీకు కావాల్సిన నమూనా డబ్బాలో రాదు. రేవులో కట్టేసి ఉంది. ఏటిగట్టు దిగి చూడండి. ఇసుక తెచ్చే పడవ, వలలు ఆరేసుకున్న నావ, సఖినేటిపల్లి రేవులో మనుషుల్నీ మోటారు సైకిళ్లనీ దాటించే పంటు. మీ మొదటి మోడల్‌కు వీటిలో ఒకటి చాలు. చాలడమే కాదు, విదేశీ యుద్ధనౌక కంటే ఇదే మంచిది. ఎందుకో, ఎలాగో చూద్దాం.

బొమ్మ మిగలకపోతే పడవా మిగలదు

కాకినాడ నుంచి యానాం వెళ్లే దారిలో తాళ్లరేవు, కోరంగి వస్తాయి. ఇప్పుడు కోరంగి అంటే మడ అడవులు, వాటి మధ్య చెక్క బాట మీద సెల్ఫీలు. రెండు వందల ఏళ్ల కిందట కోరంగి అంటే ఓడలు. ఓడలు కట్టే ఊరు, దెబ్బతిన్న ఓడల్ని బాగుచేసే ఊరు, సరుకూ జనమూ సముద్రం దాటే రేవు. బర్మా వెళ్లిన తెలుగువాళ్లను అక్కడివాళ్లు ఈ ఊరి పేరుతోనే 'కోరంగీలు' అని పిలిచారంటే ఆ రేవు ఎంతటిదో ఊహించుకోండి.

1789 డిసెంబరులో ఉప్పెన వచ్చి ఆ ఊరిని ముంచేసింది. 1839 నవంబరు 25న మరో పెను తుపాను. మొదటి ఉప్పెన గురించి రాసిన హెన్రీ పిడింగ్టనే ఇవాళ ప్రపంచమంతా వాడుతున్న 'సైక్లోన్' అనే మాటను పుట్టించినవాడు. తుపాన్లు సగం చంపిన రేవును నది తెచ్చిన మేట మిగతా సగం చంపింది. వ్యాపారం కాకినాడకు మళ్లింది.

ఓడలు పోయినా చేతిపని మాత్రం పోలేదు. తాళ్లరేవు చుట్టుపక్కల చెక్క పడవలు కట్టే మేస్త్రుల పని తరాలుగా సాగుతూ వచ్చింది. ఆ పనిలో విశేషం ఏమిటంటే, డ్రాయింగు ఉండదు. కొలతలన్నీ మేస్త్రి బుర్రలో, చేతిలో ఉంటాయి. తండ్రి పక్కన నిలబడి కొడుకు నేర్చుకుంటాడు. ఇప్పుడు ఫైబర్ బోట్లు వచ్చాయి. అవి తేలిక, చెక్కలా చివకవు, ఏటా మరమ్మతు బెడద తక్కువ. వేట మీద బతికేవాళ్లు వాటివైపు మొగ్గితే తప్పుపట్టడానికేం లేదు. కానీ ఆ మేస్త్రి కొడుకు వేరే పనికి వెళ్లిపోయిన రోజున, కాగితం మీద లేని పడవ మనుషుల్లోనూ లేకుండా పోతుంది.

అలా పోతే తిరిగి తెచ్చుకోవడం ఎంత కష్టమో ఈమధ్యే దేశం చూసింది. అజంతా గుహల్లో 5వ శతాబ్దం నాటి ఓ ఓడ బొమ్మ ఉంది. అలాంటి ఓడను మళ్లీ కట్టాలనుకున్నారు. పలకల్ని మేకులతో కాకుండా కొబ్బరి తాడుతో కుట్టే పద్ధతి అది. ప్లాన్లు లేవు, కొలతల్లేవు, గోడ మీద బొమ్మ ఒక్కటే ఆధారం. కేరళ నుంచి వచ్చిన పనివాళ్లు గోవాలో పలకలు కుట్టారు. ఓడ నీళ్లలో ఎలా నడుస్తుందో తేల్చడానికి ఐఐటీ మద్రాసులో ముందు చిన్న మోడల్ మీద పరీక్షలు చేశారు. అదే ఐఎన్ఎస్‌వీ కౌండిన్య. 2025 మే 21న కార్వార్‌లో నౌకాదళంలో చేరింది. అదే ఏడాది డిసెంబరు 29న ఇంజిన్ లేకుండా, తెరచాపలతో పోరుబందర్ నుంచి మస్కట్‌కు బయల్దేరింది.

గోడ మీద ఆ ఒక్క బొమ్మా లేకపోయుంటే? అందుకే చెబుతున్నది. మీ ఊరి పడవను కొలిచి, గీసి, చిన్నది చేసి కడితే మీకు ఓ హాబీ దొరుకుతుంది. ఊరికి ఓ రికార్డు మిగులుతుంది.

మనవాళ్లకు ఇదేమీ కొత్త కాదు. యజ్ఞశ్రీ శాతకర్ణి కాలం నాటి శాతవాహన నాణేల మీద రెండు తెరచాప కొయ్యల ఓడ కనిపిస్తుంది. ఆ చిన్న బిళ్ల మీద చెక్కిన గీతల వల్లే 2వ శతాబ్దపు ఓడ గురించి ఇవాళ మాట్లాడుకోగలుగుతున్నాం.

ముందు ఏ పడవ?

కొత్తవాళ్లు ఎక్కువగా బోల్తా పడేది ఇక్కడే. అందంగా ఉందని మూడు కొయ్యల ఓడతో మొదలుపెడతారు. తాళ్లు కట్టే దాకా ఎవరూ రారు, మధ్యలోనే అటక ఎక్కించేస్తారు. మొదటి మోడల్‌కు మూడు షరతులు పెట్టుకోండి. పైకప్పు లేని పడవ కావాలి, లోపలి పని కళ్లకు కనిపిస్తుంది. వంపులు తక్కువుండాలి. అసలు పడవ మీకు నడిచో సైకిల్ మీదో వెళ్లేంత దగ్గర్లో ఉండాలి. పని మధ్యలో పదిసార్లు వెళ్లి చూడాల్సి వస్తుంది మరి.

పంటు చాలా సులువుగా కనిపిస్తుంది కానీ దానికి రెండు పడవలు, పైన బల్లపరుపు. అంటే పని రెట్టింపు. సముద్రం మీదకు వెళ్లే పెద్ద మరబోటుకు గది, ఇంజిను, డెక్కు ఉంటాయి. అది మూడో మోడల్‌గా పెట్టుకోవచ్చు. ఏటిలో తిరిగే 7, 8 మీటర్ల మామూలు చెక్క నావ అయితే మొదటిసారికి సరిగ్గా సరిపోతుంది.

రేవుకెళ్లి కొలవండి

పడవ గట్టు మీదకు లాగి ఉన్నప్పుడు వెళ్లండి. మరమ్మతుకో, తారు పూయడానికో అప్పుడప్పుడూ పైకి లాగుతుంటారు. టేపు తీసి తిన్నగా కొలవడం మొదలుపెట్టకండి. 'ఏవండీ మేస్త్రి గారూ, కాలేజీలో చదువుతున్నానండి. మీ నావ చిన్నది చేసి కడదామనుకుంటున్నా, కొల్చుకోవచ్చా అండీ?' అని అడిగి చూడండి. పడవ మనుషులు తమ పని గురించి అడిగినవాళ్లను ఖాళీగా పంపరు. టేపు రెండో కొస వాళ్లే పట్టుకుంటారు. మీరు అడగని సంగతులూ చెబుతారు. పలకల పేర్లు, ఎక్కడ ఏ కర్ర వేశారు, ఏ పలక ముందు చివుకుతుంది. అవన్నీ నోట్‌బుక్‌లో వాళ్ల మాటల్లోనే రాసుకోండి. ఆ పదాలు చాలా వరకు ఏ నిఘంటువులోనూ దొరకవు.

కొలిచే పద్ధతి ఇంటర్ లెక్కల కంటే కష్టం కాదు. పడవ ముందు కొన నుంచి వెనక కొన దాకా నడిమధ్యన ఓ తాడు బిగించి కట్టండి. పడవ 8 మీటర్లనుకుంటే ఆ తాడు మీద ప్రతి 80 సెంటీమీటర్లకో గుర్తు పెట్టండి. రెండు చివర్లతో కలిపి 11 గుర్తులు వస్తాయి. ప్రతి గుర్తు దగ్గరా పడవ వెడల్పు, లోతు రాసుకోండి.

ఇక పక్కల వంపు కావాలి. తాపీ మేస్త్రి వాడే తూకపు గుండు ఒకటి సంపాదించండి. దాన్ని పడవ పై అంచు నుంచి బయటివైపు వేలాడదీయండి. దారం నిలువుగా ఉంటుంది, పడవ పక్క లోపలికి వంగుతుంది. కింది నుంచి పైకి 20 సెంటీమీటర్లకోసారి దారానికీ పడవకీ మధ్య ఎంత ఖాళీ ఉందో స్కేలుతో కొలవండి. పై అంచు దగ్గరి సగం వెడల్పులోంచి ఆ ఖాళీని తీసేస్తే ఆ ఎత్తులో పడవ సగం వెడల్పు వస్తుంది. ఇలా వచ్చిన అంకెల పట్టికనే నౌకా ఇంజినీర్లు 'ఆఫ్‌సెట్ టేబుల్' అంటారు. పెద్ద షిప్‌యార్డుల్లో కంప్యూటర్ మీద చేసే పనికి పునాది ఇదే. మీరు దాన్ని ఓ మధ్యాహ్నం పూట రేవులో చేసేశారన్నమాట.

ఫొటోలు కూడా తీయండి. పక్క నుంచి, ఎదురుగా, పై నుంచి, లోపలి నుంచి. ప్రతి ఫొటోలో ఓ స్కేలో కర్రో కనిపించేలా పెట్టండి.

స్కేలు లెక్క సరదాగా ఉంటుంది

1:20 స్కేలు తీసుకుందాం. అంటే అసలు కొలత దేన్నయినా 20తో భాగించాలి. 8 మీటర్ల పడవ 40 సెంటీమీటర్లవుతుంది. 1.6 మీటర్ల వెడల్పు 8 సెంటీమీటర్లకు దిగుతుంది. 25 మిల్లీమీటర్ల మందం పలక 1.25 మిల్లీమీటర్లు. 165 సెంటీమీటర్ల మనిషి 8.25 సెంటీమీటర్లు. ఆ ఎత్తుకు అట్టముక్కతో ఓ మనిషి బొమ్మ కత్తిరించి పెట్టుకోండి. పని జరుగుతున్నంతకాలం ఆ మనిషే మీకు కొలబద్ద. కూర్చునే అడ్డపలక వాడి మోకాలి కంటే ఎత్తులో ఉంటే ఎక్కడో లెక్క తప్పిందని తెలిసిపోతుంది.

బరువు దగ్గరకొచ్చేసరికి లెక్క మారుతుంది. పొడవు, వెడల్పు, లోతు మూడూ 20 రెట్లు తగ్గుతాయి కాబట్టి బరువు 20×20×20, అంటే 8,000 రెట్లు తగ్గాలి. అసలు పడవ 1,600 కిలోలనుకుంటే మీ మోడల్ 200 గ్రాములే ఉండాలి. అప్పుడే అది అసలు పడవ మునిగినంత లోతే మునుగుతుంది. వేగమైతే 20 వర్గమూలంతో, అంటే దాదాపు నాలుగున్నరతో తగ్గుతుంది. గంటకు 9 కిలోమీటర్లు వెళ్లే పడవ అలలు మోడల్ దగ్గర కనబడాలంటే దాన్ని 2 కిలోమీటర్ల వేగంతో లాగాలి. ఈ సూత్రం మీద ఇంగ్లండులో విలియం ఫ్రౌడ్ టార్కీ దగ్గర పొడవాటి నీళ్ల తొట్టె కట్టించి 1872 నుంచి మోడళ్లను లాగి పరీక్షించాడు. ఇవాళ్టికీ పెద్ద ఓడలు కట్టేముందు చేసేది ఈ పనే.

ఆఫ్‌సెట్ అంకెల్ని గ్రాఫ్ కాగితం మీద మూడు బొమ్మలుగా గీయండి. పక్క నుంచి చూసినట్టు ఒకటి, పై నుంచి ఒకటి, ఎదురుగా ఒకటి. మూడింటిలోనూ ఒకే బిందువు ఒకే కొలత చెప్పాలి. చెప్పకపోతే ఓ కొలత తప్పింది, మళ్లీ రేవుకెళ్లాలి. ఇంజినీరింగ్ డ్రాయింగ్ అంటే భయపడేవాళ్లకు దీనంత మంచి మందు ఇంకోటి లేదు.

సామాన్లు ఇవి చాలు

అడుగు దూలానికీ ఫ్రేములకూ 3 లేదా 4 మిల్లీమీటర్ల ప్లైవుడ్. పలకలకు ఒకటి, ఒకటింపావు మిల్లీమీటర్ల మందం చెక్క బద్దీలు. ఇవి ఊళ్లో దొరక్కపోతే ఆన్‌లైన్‌లో బాల్సా, బాస్‌వుడ్ అమ్ముతారు. బాల్సా మెత్తన, గోరు తగిలినా గాటు పడుతుంది. కొంచెం గట్టి కర్రయితే నయం. కొండపల్లి బొమ్మలకు వాడే తెల్ల పొణికి తేలిగ్గా తెగుతుందని పేరు. దొరికితే ఓ ముక్క మీద చేయి తిప్పుకుని చూడండి.

సన్నపళ్ల చేతి రంపం, పదునైన కట్టర్, చిన్న ఆకురాయి, స్టీలు స్కేలు, మూలమట్టం, గుండుసూదులు, బట్టల క్లిప్పులు, ఫెవికాల్, 120, 220, 320 నంబర్ల ఉప్పు కాగితం. అంతే. కరెంటు మిషన్లు మొదటి మోడల్‌కు అక్కర్లేదు. కట్టర్‌ను ఎప్పుడూ మీ చేతికీ ఒంటికీ ఎదురు రాకుండా బయటివైపు లాగండి. మొద్దుబారిన బ్లేడుకు బలం ఎక్కువ పెట్టాలి, వేళ్లు తెగేది అప్పుడే. ఉప్పు కాగితం పట్టేటప్పుడు ముక్కుకు మాస్కు మరవకండి.

అడుగు దూలం నుంచి అంచు దాకా

మొదటి వారం: అడుగు దూలం. దీన్నే కీల్ అంటారు. పక్క బొమ్మను ప్లైవుడ్ మీద అంటించి కోయండి. ఫ్రేములు కూర్చోవడానికి గాళ్లు తీయండి. ఫ్రేములంటే పడవ పక్కటెముకలు. వాటినీ కోసి గాళ్లలో పెట్టండి, జిగురు అప్పుడే వద్దు. ఒక్కొక్కటీ మూలమట్టంతో చూసి, నిటారుగా ఉందని నిర్ధారించుకున్నాకే జిగురు. ఇక్కడ ఒక మిల్లీమీటరు వంకర పోతే చివరకు పడవ ముక్కు పక్కకు తిరుగుతుంది.

రెండో వారం: చెక్క మీకు పాఠం చెప్పేది ఇప్పుడే. ఫ్రేముల అంచులు చదరంగా ఉంటాయి. కానీ పలక ముందుకు వంగి వెళ్తుంది కాబట్టి ఆ అంచులు ఏటవాలుగా ఉండాలి. సన్నటి వెదురు బద్ద ఒకటి ఫ్రేముల మీద ఆనించి వంచండి. అన్నింటికీ ఆనుకుందా? ఎక్కడైనా కింద వెలుగు కనబడుతుందా? ఎక్కడైనా గూని లేస్తుందా? ఎత్తున్న చోట ఉప్పు కాగితంతో రుద్దాలి, లోతున్న చోట సన్నటి చెక్క పీలిక అతికించాలి. మళ్లీ బద్ద పెట్టి చూడాలి. ఇలా ఇరవై సార్లు. విసుగు పుట్టే మాట నిజమే. కంటికి బాగానే ఉంది కదా అని వదిలేయబుద్ధవుతుంది. కన్ను మోసపోతుంది, బద్ద మోసపోదు. వేలి కొనల్ని ఫ్రేముల మీదుగా నిమిరి చూడటం కూడా అలవాటు చేసుకోండి. రేవులో మేస్త్రి మాటిమాటికీ పలక మీద అరచెయ్యి ఎందుకు రాస్తాడో అప్పుడు అర్థమవుతుంది.

మూడో వారం: పలకలు. ముందు లెక్క. నడిమి ఫ్రేము మీద పై అంచు నుంచి అడుగు దాకా కాగితం బద్దీతో కొలవండి. 70 మిల్లీమీటర్లు వచ్చిందనుకోండి. 5 మిల్లీమీటర్ల పలకలైతే 14 కావాలి. ముందు కొన దగ్గర అదే కొలత 42 మిల్లీమీటర్లే ఉంటే? అక్కడా 14 పలకలే పట్టాలి కదా. అంటే ఒక్కో పలక నడుమ 5, కొన దగ్గర 3 మిల్లీమీటర్లుండేలా సన్నబరచాలి. ఈ చిన్న భాగహారం చేయకుండా పలకలు కొట్టుకుంటూ పోతే ముందు కొసన ఒకదాని మీద ఒకటి ఎక్కేస్తాయి. పలకను దాని వెడల్పులో సగానికంటే సన్నగా మాత్రం చెక్కకండి, విరిగిపోతుంది.

బద్దీని వేడినీళ్లలో 15, 20 నిమిషాలు నానబెట్టి, ఫ్రేముల మీద వంచి క్లిప్పులు పెట్టి రాత్రంతా వదిలేయండి. ఆరాక తీస్తే ఆ వంపు అలాగే ఉంటుంది. అప్పుడు జిగురు రాసి అతికించండి. కుడివైపు ఒకటి వేస్తే ఎడమవైపు ఒకటి. ఒకే పక్క నాలుగైదు వేసేస్తే కీల్ అటు లాక్కుపోతుంది. అలా మెలితిరిగిన పడవను తర్వాత ఎవరూ తిన్నగా చేయలేరు.

అటక గండం

మూడో వారం మధ్యలో ఓ గండం ఉంది. ముందే తెలిస్తే దాటడం తేలిక. అప్పటికి ఇల్లంతా రంపపు పొట్టు. వేళ్లకు జిగురు. బల్ల మీద ఉన్నది పడవలా లేదు, సగం తిన్న చేప ముల్లులా ఉంది. ఇంట్లో 'దీనివల్ల మార్కులొస్తాయా?' అన్న ప్రశ్న ఈపాటికి ఒకసారైనా వినపడి ఉంటుంది. వీడియోలో అంత నున్నగా వచ్చింది మీ చేతిలో ఇలా గరుకుగా ఎందుకుందో తెలీదు.

ఎందుకంటే వీడియోలో మూడు నెలల పని పది నిమిషాల్లో చూపించారు. పైగా అది వాళ్ల పదో మోడల్ అయి ఉండొచ్చు. మీది మొదటిది. ఇప్పుడు చేయాల్సింది చిన్నది: రోజుకు రెండే పలకలు, కుడివైపు ఒకటి, ఎడమవైపు ఒకటి. అరగంట పని. 14 జతలంటే రెండు వారాలు. చివరి పలక పడిన రోజున, అప్పటిదాకా ముల్లులా ఉన్నది ఉన్నట్టుండి పడవ అయిపోతుంది. సందులేవైనా ఉంటే పొట్టును ఫెవికాల్‌తో కలిపి కూరండి. 120 నంబరుతో మొదలుపెట్టి 320తో ముగిస్తూ నున్నగా రుద్దండి. రుద్దిన మర్నాడు అరచెయ్యి పెట్టి చూడండి. ఆ తృప్తి ఫోన్ తెర మీద వేలు జరిపితే రాదు.

ఆ తర్వాత అడ్డపలకలు, తెడ్డు, గెడ, చుక్కాని. నూలు దారాన్ని నల్లరంగులో ముంచి తీస్తే మోకు తయారు. అసలు తాడు 20 మిల్లీమీటర్లుంటే ఇక్కడ ఒక మిల్లీమీటరు దారం. లోపలా బయటా వార్నిష్ రెండు పూతలు వేసి, బాగా ఆరాక టబ్బులో నీళ్లు పోసి వదలండి. ఓ పక్కకు ఒరిగితే అటు పలక మందమో జిగురో ఎక్కువైందన్నమాట. అడుగున చిన్న సీసం ముక్కో, నట్టో పెట్టి సరిచేయండి. పడవ మనుషులు సరుకును అటూ ఇటూ ఎందుకు సర్దుతారో, నడిమధ్య నిలబడొద్దని ఎందుకు అరుస్తారో ఆ టబ్బు దగ్గర తెలుస్తుంది.

దీంతో ఉద్యోగం వస్తుందా?

సూటిగా చెప్పుకుందాం. మోడల్ పడవ చూపిస్తే ఎవరూ ఉద్యోగం ఇవ్వరు. కానీ ఈ పని చేసినవాళ్లకు కొన్ని దారులు స్పష్టంగా కనిపిస్తాయి, కొన్ని పరీక్షల్లో చెయ్యి తడబడదు.

కాలేజీలో ఎన్‌సీసీ నౌకా విభాగం ఉంటే చేరి చూడండి. వాళ్ల శిక్షణలో షిప్ మోడలింగ్ ఒక భాగం. జాతీయ స్థాయి నౌసైనిక్ క్యాంపులో దీని మీద పోటీ ఉంటుంది.

ఇంటర్ ఎంపీసీ చదువుతుంటే నావల్ ఆర్కిటెక్చర్ అనే కోర్సు ఉందని గుర్తుపెట్టుకోండి. ఓడ ఆకారం, బలం, తేలే తీరు లెక్కగట్టే చదువు ఇది. మీరు గ్రాఫ్ కాగితం మీద చేసిందే పెద్దయెత్తున ఉంటుంది. ఐఐటీ ఖరగ్‌పూర్, ఐఐటీ మద్రాసులో ఓషన్ ఇంజినీరింగ్‌తో కలిపి ఈ కోర్సుంది. వీటికి జేఈఈ అడ్వాన్స్‌డ్ రాయాలి. ఇండియన్ మారిటైమ్ యూనివర్సిటీకి మన విశాఖపట్నంలోనే క్యాంపస్ ఉంది, దానికి ప్రత్యేక ప్రవేశ పరీక్ష ఐఎంయూ సెట్. కొచ్చిలోని కుశాట్‌లోనూ ఈ బీటెక్ ఉంది. సీట్లు, అర్హతలు ఏటా మారొచ్చు, నోటిఫికేషన్ చూసుకోండి.

పదో తరగతి తర్వాత ఐటీఐ వైపు వెళ్లేవాళ్లకు విశాఖ నావల్ డాక్‌యార్డ్ అప్రెంటిస్ స్కూల్ ఉంది. ఫిట్టర్, వెల్డర్, ఎలక్ట్రీషియన్‌లతో పాటు కార్పెంటర్ ట్రేడ్‌లోనూ అప్రెంటిస్‌లను తీసుకుంటూ వచ్చారు. అదే ఊళ్లో ఉన్న హిందుస్థాన్ షిప్‌యార్డ్ చరిత్ర కూడా తెలుసుకోండి. 1948 మార్చి 14న నెహ్రూ అక్కడే 'జల ఉష' ఓడను నీళ్లలోకి దించారు. స్వాతంత్య్రం వచ్చి ఏడాదైనా కాలేదప్పటికి.

డిజైన్ మీద మనసుంటే ఇంకో లాభం. నిఫ్ట్ బీడిజైన్ ప్రవేశంలో సిట్యుయేషన్ టెస్ట్ ఉంటుంది. కాగితం, పుల్ల, దారం లాంటివి ఇచ్చి అక్కడికక్కడ మోడల్ చేయమంటారు. ఎన్‌ఐడీ స్టూడియో టెస్టులోనూ చేతిపనిని పరీక్షిస్తారు. రెండు నెలలు పడవ కట్టిన చేతికి ఆ గదిలో బెరుకుండదు.

ఇవేవీ మీ దారి కాకపోయినా నష్టం లేదు. తప్పు ఎక్కడ జరిగిందో వెనక్కి వెళ్లి వెతకడం, కొలవకుండా కోయకపోవడం, విసుగొచ్చిన రోజునా రెండు పలకలు వేయడం... ఏ ఉద్యోగంలోనైనా పనికొచ్చే గుణాలే.

బోడి మల్లయ్య అనిపించుకోవద్దు

ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య అని సామెత. కొలతలిచ్చిన మేస్త్రిని మోడల్ పూర్తయ్యాక మరిచిపోతే మనమూ అంతే అవుతాం. ఓ ఆదివారం పడవను పాత తువ్వాలులో చుట్టుకుని రేవుకు తీసుకెళ్లండి. ఆయన దాన్ని తిప్పి తిప్పి చూస్తారు. 'ముందు కొన ఇంకాస్త లేవాలి బాబూ' అనొచ్చు. ఆ మాట నోట్‌బుక్‌లో రాసుకోండి. రెండో మోడల్ అక్కడి నుంచి మొదలవుతుంది.

ఇంటికొచ్చాక ఇంకో పని. ఆఫ్‌సెట్ పట్టిక, మూడు బొమ్మలు, ఫొటోలు, మేస్త్రి చెప్పిన పదాలు శుభ్రంగా తిరగరాయండి. పడవ ఏ రేవుది, ఏ కర్రతో కట్టారు, ఏ తేదీన కొలిచారు అన్నవి పైన ఉండాలి. మేస్త్రి ఒప్పుకుంటే ఆయన పేరు కూడా. ఓ ప్రతి ఆయనకే ఇవ్వండి. ఇంకో ప్రతి మీ కాలేజీ లైబ్రరీకి ఇవ్వండి. మూడోది మీ దగ్గర ఉంచుకోండి. రేపెప్పుడో ఆ నావ చివికిపోయినా, మళ్లీ కట్టాలనుకున్నవాళ్లు గోడ మీది బొమ్మ కోసం వెతుక్కోనక్కర్లేదు. ప్రతి 80 సెంటీమీటర్లకూ మీ చేతి రాతతో అంకెలుంటాయి.

ఈ శనివారం ఖాళీయేనా? టేపు, తూకపు గుండు, నోట్‌బుక్ సంచిలో పెట్టుకోండి. ఎండెక్కకముందే బయల్దేరండి.